మైక్ టెస్టింగ్ కాదు, అది నా సభాకంపం

ఫ్లూట్ పెదాలకి ఆనించి ఊదితే గాలి వచ్చింది. గాలి మాత్రమే వచ్చింది. "ఫూ" అని ఒక చప్పుడు మైకులోంచి హాలంతా తిరిగొచ్చి నా చెవుల్లోనే పడింది. ఇంకోసారి ఊదాను, మళ్ళీ "ఫూ". ఏడేళ్ళుగా రోజూ పొద్దున్నే వాయిస్తున్న ఫ్లూట్ అది, నిద్రమత్తులో చీకట్లో చేతికిచ్చినా పలికేది, అలాంటిది ఆ రోజు నేనెవరో తెలియనట్టు మొహం తిప్పేసుకుంది. ఎదురుగా ఒక నూట యాభై మంది ఉంటారు. పక్కన తబలా అబ్బాయి చేతులు పైకెత్తి పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు, ఇంకెప్పుడమ్మా అన్నట్టు.

ఫ్లూట్ సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. ఇందులో రీడూ ఉండదు, తీగా ఉండదు. పెదాల మధ్య సన్నటి సందులోంచి వచ్చే గాలి వెళ్ళి ఊదే రంధ్రం అవతలి అంచుకి తగలాలి, అప్పుడే స్వరం పుడుతుంది, ఆ గాలి దారి వెంట్రుకవాసి అటూఇటూ అయినా వట్టి గాలే. పెదాలు కాస్త తడిగా ఉండాలి, కదలకుండా ఉండాలి, ఊపిరి పొట్టలోంచి నింపాదిగా రావాలి. స్టేజి ఎక్కగానే ముందు పోయేవి సరిగ్గా ఈ మూడే. వయొలిన్ వాళ్ళకి బో వణుకుతుంది, పాడేవాళ్ళకి గొంతు బిగుసుకుంటుంది, మాట్లాడేవాళ్ళకి రాత్రంతా బట్టీ పట్టిన మొదటి వాక్యం ఎగిరిపోతుంది, ఎవరి పనిముట్టు ఏదో అక్కడే దెబ్బ. మాకు నోరెండిపోతే కథ క్లోజ్.

ఆ రోజు మూడోసారికి ఏదో పలికింది. తర్వాత పన్నెండు నిమిషాలు ఎలా వాయించానో నాకు గుర్తు లేదు, నిజంగానే గుర్తు లేదు, చివర్లో చప్పట్లు కొట్టారు కాబట్టి అయిపోయిందని అర్థమైంది. దిగి వచ్చి చెప్పులు కూడా వేసుకోకుండా నేరుగా బయటికి వెళ్ళిపోయా. ఇక ఈ జన్మలో స్టేజి ఎక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నా. (ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టడానికి ఏడాదిన్నర పట్టింది.)

ఇప్పుడు అందరం స్టేజ్ ఫియర్ అంటున్నాం గానీ నాకైతే మన పాత మాటే కరెక్ట్ అనిపిస్తుంది, సభాకంపం. చూడండి, అందులో భయం అనే ముక్కే లేదు. ఉన్నదల్లా కంపం, అంటే వణుకు. ఇన్నేళ్ళూ నేను "నాకు భయం, నేను పిరికిదాన్ని" అనుకుంటూ తిరిగా, అది నా స్వభావంలో లోపం అనుకున్నా, తీరా దాని గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసిందేంటంటే ముందు జరిగేదంతా ఒంట్లో జరుగుతుంది, దానికి భయం అని పేరు పెట్టి, ఆ పేరు చూసి మళ్ళీ భయపడేది మనం.

ఒంట్లో జరిగేది ఏంటంటే, అంతమంది కళ్ళు మన మీద పడగానే మెదడు దాన్ని ప్రమాదం కింద లెక్కేస్తుంది. కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం చర్మం నుంచీ జీర్ణాశయం నుంచీ తప్పుకుని పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది, అందుకే వేళ్ళు ఐసుముక్కల్లా అయిపోతాయి, కడుపులో ఏదో తిరుగుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు తిండి అరిగించుకునే టైమ్ కాదు కాబట్టి లాలాజలం కూడా తగ్గిపోయి, ఉన్నది చిక్కబడిపోతుంది. అరచేతులకి చెమట. పదినిమిషాలకోసారి బాత్రూమ్. అంటే పారిపోవడానికో కలబడటానికో ఒళ్ళంతా రెడీ అయి కూర్చుంటుంది, మనమేమో స్టేజి మీద బాసింపట్టు వేసుకుని నవ్వు మొహం పెట్టి ఉంటాం. పరిగెత్తాల్సిన కాళ్ళు మడిచి పెడితే ఆ శక్తి ఎక్కడికి పోతుంది, వణుకై బయటికి వస్తుంది. ఇందులో పిరికితనం ఎక్కడుంది అసలు.

1993లో జర్మనీలో ట్రియర్ యూనివర్సిటీ వాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టారు. స్ట్రెస్ మీద పరిశోధన చెయ్యాలంటే ముందు మనిషికి స్ట్రెస్ తెప్పించాలి కదా, అదీ ల్యాబులో, దాదాపు అందరికీ, నమ్మకంగా. దానికి వాళ్ళు పాముల్ని తేలేదు, కరెంటు షాకులూ పెట్టలేదు. ఒక ప్యానెల్ ముందు నిలబెట్టి 5 నిమిషాలు మాట్లాడమన్నారు, ఆ తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేసుకుంటూ గట్టిగా బయటికి లెక్కపెట్టమన్నారు, 1009, 996, 983 అలా, తప్పొస్తే మళ్ళీ మొదటి నుంచి. అసలు కిటుకు ఆ ప్యానెల్లో ఉంది, వాళ్ళు నవ్వకూడదు, తల ఊపకూడదు, మొహంలో ఏమీ చూపించకూడదు. అంతే, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ పైకి లేచేది. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ టెస్టే వాడుతున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా హాల్లో రెండో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న పెద్దాయన గుర్తొచ్చాడు. నూట యాభై మందిలో ఆ ఒక్క మొహమే కనిపించింది నాకు. తల ఊపుతున్నవాళ్ళు బోలెడుమంది ఉండే ఉంటారు, వాళ్ళు కనిపించరు, అదేం మాయో.

దీనికంటే నాకు నచ్చింది బొద్దింకల ప్రయోగం. నవ్వకండి, నిజంగా బొద్దింకలే. 1969లో వచ్చిన పేపర్ అది. బొద్దింక పరిగెత్తే దారి పక్కన అద్దాల పెట్టెల్లో వేరే బొద్దింకల్ని ప్రేక్షకుల్లాగా కూర్చోబెట్టారు. దారి తిన్నగా ఉంటే, చూసేవాళ్ళు ఉన్నప్పుడు బొద్దింక ఇంకా ఫాస్టుగా పరిగెత్తింది. అదే మలుపు తిరిగి దారి వెతుక్కోవాల్సి వస్తే, చూసేవాళ్ళు ఉన్నప్పుడు స్లో అయిపోయింది. అంటే ఎవరైనా చూస్తుంటే మనకి బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, సగం సగం వచ్చిన పని ఇంకా పాడవుతుంది. మా సార్ బొద్దింకల సంగతి తెలియకుండానే ఈ ముక్క చెప్తూ ఉండేవారు, "ఇంట్లో నూటికి నూరు వస్తే స్టేజి మీద డెబ్బై వస్తుందమ్మా, నువ్వు ఇంట్లో డెబ్బై దగ్గర ఆగిపోయి స్టేజి మీద నూరు అడుగుతున్నావ్" అని. అప్పట్లో అది తిట్టు అనుకున్నా. నిజంగానే ఆ రోజు నేను ఎంచుకున్న పీస్ అప్పటికి మూడు వారాల కిందట నేర్చుకున్నది, అందులో పై స్థాయిలో ఒక పట్టు ఉంది, ఇంట్లో పదిసార్లకి ఏడుసార్లు వచ్చేది, స్టేజి మీద కూడా వచ్చేస్తుందిలే అనుకున్నా. ఎలా వస్తుంది.

కానీ అదొక్కటే అయితే బాగానే ఉండు, ఎక్కువ ప్రాక్టీస్ చేస్తే పోతుంది అనుకోవచ్చు. అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. బాగా వచ్చిన పని కూడా కొన్నిసార్లు స్టేజి మీద చెడిపోతుంది, నా మొదటి స్వరం లాగా. ఏడేళ్ళు ఊదిన స్వరం అది. ఎందుకు పోయిందంటే, నేను ఊదడం మానేసి ఊదుతున్న నన్ను చూడటం మొదలుపెట్టా. పెదాలు సరిగ్గా పెట్టానా, మోచెయ్యి కిందికి దిగిందా, కుడిచేతి ఉంగరం వేలు మూసిందా, ఇలా. మామూలుగా మెట్లు దిగుతున్నప్పుడు ఏ కాలు ఎక్కడ పెడుతున్నామో చూసుకోం కదా, ఒకసారి కావాలని ఆలోచిస్తూ దిగి చూడండి, నాలుగో మెట్టుకి తడబడతారు. గోల్ఫ్ ఆడేవాళ్ళ మీద ఇదే చేసి చూశారు, చెయ్యి తిరిగిన ఆటగాళ్ళు తమ స్ట్రోక్‌ని తామే గమనించుకోవడం మొదలుపెడితే దెబ్బ పాడవుతుంది, కొత్తవాళ్ళకి మాత్రం అలా గమనించుకోవడం మంచిదే. ఒళ్ళు నేర్చేసుకున్న పనిలో బుర్ర వేలు పెట్టకూడదన్నమాట. స్టేజి మీద మాత్రం బుర్రకి ఇంకేం పని లేనట్టు అదే చేస్తుంది, పైగా రెండో వరసలో పెద్దాయన కళ్ళతో చూస్తుంది మనల్ని.

ఇదంతా కొత్తవాళ్ళ తిప్పలు, పెద్దవాళ్ళకి ఉండదు అనుకునేదాన్ని. లారెన్స్ ఒలీవియర్ పేరు వినే ఉంటారు, బ్రిటిష్ రంగస్థలానికి మకుటం లేని మహారాజు లాంటివాడు. ఆయనకి ఇది మొదలైంది 1964లో, అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు. నలభై ఏళ్ళు స్టేజి మీద బతికినవాడికి హఠాత్తుగా గొంతు పట్టేయడం, హాలు గిర్రున తిరగడం. షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో ఒంటరిగా మాట్లాడే ఘట్టాలు వస్తే, ఇయాగో వేషం వేస్తున్న నటుడిని తనకి కనిపించేలా సైడ్ వింగులో నిలబడమని బతిమాలేవాడట, స్టేజి మీద ఒక్కడే ఉన్నానన్న ఫీలింగ్ తట్టుకోలేక. ఇంకో నాటకంలో తోటి నటుల్ని నా కళ్ళలోకి చూడకండి అని అడిగాడు. ఐదేళ్ళకి పైగా అలాగే లాక్కొచ్చాడు, స్టేజి మాత్రం దిగలేదు.

చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్ద తీగవాద్యం) వాయించిన పాబ్లో కసాల్స్ సంగతి ఇంకా ఘోరం. 1901లో అమెరికాలో ఒక కొండ ఎక్కుతుంటే పెద్ద బండరాయి దొర్లి ఎడమచెయ్యి మీద పడి వేళ్ళు నలిగిపోయాయి. చెల్లోకి ఎడమచెయ్యే ప్రాణం. ఆ నలిగిన చెయ్యి చూసుకోగానే ఆయనకి వచ్చిన మొదటి ఆలోచన, హమ్మయ్య, ఇక జీవితంలో చెల్లో వాయించక్కర్లేదు అని. ఆయనే చెప్పుకున్నాడు. ఇది చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయా, ఎందుకంటే నాకూ ప్రోగ్రామ్ ముందు రోజు రాత్రి, జ్వరం వస్తే ఎంత బావుండు, హాల్లో కరెంటు పోతే ఎంత బావుండు అనిపిస్తుంది, అది ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు. ప్రపంచంలో అంత గొప్ప చెల్లిస్టుకి చెయ్యి పోతే హమ్మయ్య అనిపించిందంటే నా జ్వరం కోరిక ఏపాటిది. చెయ్యి బాగుపడింది, ఆయన 96 ఏళ్ళు బతికాడు, తొంభై దాటాక కూడా స్టేజి ఎక్కాడు, ప్రతిసారీ టెన్షన్ పడుతూనే.

అందరూ అలా నిలబడలేరు, అదీ చెప్పాలి. అమెరికన్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో లక్షమందికి పైగా జనం ముందు పాడుతూ పాటలో మాటలు మర్చిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు టికెట్ పెట్టి కచేరీలు చెయ్యడం దాదాపు మానేసింది. తిరిగి వచ్చినప్పుడు టెలీప్రాంప్టర్లు, అంటే పాట మాటలు చూపించే తెరలు, పెట్టుకుని మరీ వచ్చింది. కొంతమంది దాన్ని చీటింగ్ అంటారు. నాకైతే అందులో తప్పేం కనిపించలేదు, కళ్ళజోడు పెట్టుకోవడం చీటింగా?

సరే నా కథకి వస్తా. ఆ ప్రోగ్రామ్ అయిన నెలకి మా అక్క ఫోన్లో తీసిన వీడియో పంపింది. చూడకూడదనుకున్నా, వారం రోజులు ఓపెన్ చెయ్యలేదు. ఒక రాత్రి సౌండ్ బాగా తగ్గించి చూశా. మొదటి "ఫూ"కీ స్వరం పలకడానికీ మధ్య నాకు ఒక యుగం గడిచిందనిపించింది కదా, వీడియోలో తొమ్మిది సెకన్లు. చేతులు వణకడం లేదు. అంటే వణికే ఉంటాయి, కనబడటం లేదు. మొహం మామూలుగా ఉంది, కొంచెం సీరియస్‌గా, పెద్ద విద్వాంసురాలిలా కూడా ఉంది చెప్పాలంటే. అక్కకి ఫోన్ చేసి నెమ్మదిగా అడిగా, మొదట్లో ఏమైనా తేడా అనిపించిందా అని. అక్క అంది, "అవునే, అడుగుదామనుకున్నా, మైక్ టెస్టింగ్ రెండుసార్లు ఎందుకు చేశావ్?"

మైక్ టెస్టింగ్ అట!

దీనికీ ఒక పేరుంది సైకాలజీలో, మనం పారదర్శకంగా ఉన్నామనే భ్రమ లాంటిది. మన గుండె చప్పుడు మనకి అంత గట్టిగా వినబడుతోంది కాబట్టి అవతలివాళ్ళకీ వినబడుతుందనుకుంటాం. 2003లో దీని మీద ఒక ప్రయోగం వచ్చింది, స్పీచ్ ఇచ్చే స్టూడెంట్లలో కొంతమందికి "మీ కంగారు మీరనుకున్నంతగా బయటికి కనిపించదు" అని ముందే వివరంగా చెప్పి పంపారు. ధైర్యం చెప్పలేదు, చిట్కాలు చెప్పలేదు, ఈ ఒక్క సంగతి చెప్పారు. వాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగా మాట్లాడారు, చూసినవాళ్ళు కూడా అదే అన్నారు. నాకు ఎవరైనా ఆ ముక్క పదేళ్ళ కిందట చెప్పి ఉంటే! మనకి దొరికేవి ఏంటంటే "ఏముంది, ధైర్యం తెచ్చుకో" అనే సలహా, ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పరు, లేదంటే "ముందున్నవాళ్ళంతా బొమ్మలనుకో" అనేది. బొమ్మలనుకుంటే ఇంకా భయం నాకు, నూట యాభై బొమ్మలు కళ్ళార్పకుండా చూస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి ఒకసారి.

మరి ఇప్పుడు ఏం చేస్తున్నావ్ అంటే, వణుకు ఆపడానికి ట్రై చెయ్యడం మానేశా. అదొక్కటే పెద్ద మార్పు. వణుకుతుంటే వణకనీ అని దాన్ని వెంట పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నా. ఎలాగంటే, మా మెట్లు నాలుగు అంతస్తులు గబగబా ఎక్కి, గుండె దడదడలాడుతుండగా, నీళ్ళు తాగకుండా, ఫోన్లో రికార్డింగ్ బటన్ నొక్కి వెంటనే ఊదడం. మొదట్లో "ఫూ" తప్ప ఏమీ వచ్చేది కాదు. రెండు నెలలకి, ఊపిరి ఎగసిపడుతున్నా మొదటి స్వరం పలకడం మొదలైంది. ఆ ఎర్ర బటన్ కూడా చిన్న ఆడియన్సే, నమ్మండి, అది వెలగగానే వేళ్ళు చల్లబడతాయి.

ఇంకోటి అనుకోకుండా దొరికింది. ఏసీ హాళ్ళలో ఫ్లూట్ చల్లబడితే శ్రుతి దిగిపోతుంది, అందుకని ఎక్కేముందు రంధ్రాలన్నీ మూసి లోపలికి చప్పుడు రాకుండా వెచ్చటి గాలి వదులుతూ ఉంటాం, మెల్లిగా, పొడుగ్గా. అది ఫ్లూట్ కోసం చేసేది. కానీ ఊపిరి పీల్చేదాని కంటే వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది, కాబట్టి ఒక పది నిమిషాలు అలా చేస్తే ఫ్లూట్ వేడెక్కుతుంది, నేను చల్లబడతా. ఏడేళ్ళు ఈ పని రెండు నిమిషాల్లో ముగించేదాన్ని.

2014లో హార్వర్డ్‌లో ఒకావిడ పాడేవాళ్ళ మీద, స్పీచ్ ఇచ్చేవాళ్ళ మీద చేసిన ప్రయోగం కూడా కొంచెం పనికొచ్చింది, స్టేజి ముందు "కూల్‌గా ఉండు" అనుకునేకంటే "నాకు ఎక్సైటింగ్‌గా ఉంది" అని పైకి అనుకున్నవాళ్ళే బాగా చేశారట. లాజిక్ సింపుల్, దడదడలాడే గుండెని కూల్ చెయ్యడం కష్టం, దాని పేరు మార్చడం తేలిక. నేను మనసులో "కంగారు కాదు, హుషారు" అనుకుంటా. మొదటిసారి అనుకున్నప్పుడు నా మీద నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వుకే సగం టెన్షన్ పోయింది, అంటే ప్రయోగం కరెక్టో నవ్వు కరెక్టో తెలియదు గానీ పని జరిగింది.

మందుల గురించి కూడా చాలామంది గుసగుసగా అడుగుతుంటారు. బీటా బ్లాకర్లు, ప్రొప్రనొలాల్ లాంటివి. గుండె జబ్బులకి వచ్చిన మందులు అవి, అడ్రినలిన్ గుండె మీద పనిచెయ్యకుండా అడ్డుకుంటాయి, దడా వణుకూ తగ్గుతాయి. 1977లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వయొలిన్ లాంటి తీగవాద్యాల వాళ్ళ మీద స్టడీ వచ్చింది. 1987లో అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాల వాళ్ళని అడిగితే 27 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు వాడామన్నారు. నేను వేసుకోలేదు, వేసుకున్నవాళ్ళని తప్పూ పట్టను. కానీ ఫ్రెండ్ ఇచ్చిందని మింగేసేది మాత్రం కాదు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రొప్రనొలాల్ నిజంగా ప్రమాదం, బీపీ తక్కువున్నవాళ్ళకీ ఇబ్బందే, డాక్టర్ని అడిగే వేసుకోవాలి, అదీ ప్రోగ్రామ్ రోజు మొదటిసారి కాదు. అలాగే ఈ భయం వల్ల ఉద్యోగాలు వదులుకునేంత, కాలేజీ మానేసేంత పరిస్థితి ఉంటే అది నా మెట్లెక్కే చిట్కాలతో పోయేది కాదు, దానికి థెరపీ ఉంది, మెల్లమెల్లగా అలవాటు చేసే పద్ధతులున్నాయి, అవి బాగానే పనిచేస్తాయి.

మొన్న శనివారం మళ్ళీ ప్రోగ్రామ్. ఈసారి సార్ కూడా వాయిస్తున్నారు, నా తర్వాత ఆయన. సార్ స్టేజి మీద ఎలా ఉంటారంటే, సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు ఉంటారు, నలభై ఏళ్ళ అనుభవం మరి. నేను ఎప్పటిలాగే ఫ్లూట్‌లోకి పొడుగ్గా గాలి వదిలా, హుషారు మంత్రం చదివా, నోరు తడుపుకున్నా, అయినా కడుపులో తిప్పుడు తిప్పుడే. ఇంకో ఐదు నిమిషాలుందనగా బాత్రూముల వైపు పరిగెత్తా. ఆ సందులో సార్ ఎదురొచ్చారు, పంచె చెంగుతో చేతులు తుడుచుకుంటూ. ఇద్దరం ఆగిపోయాం.

"ఎన్నోసారి?" అన్నారు.

"మూడు సార్."

"నాది నాలుగు," అని, నాకు దారిచ్చి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కే తిరిగారు.